మన ఇల్లు: నీళ్ల పొయ్యి దగ్గర జాగ్రత్త



డిసెంబరు వచ్చిందంటే హిందూపురం, పెనుకొండ పల్లెల్లో తెల్లవారుజామున చలి వణికిస్తుంది. క్రిస్మస్ ఆరాధనకు ఇంటిల్లిపాదీ పొద్దు పొడవకముందే తలస్నానాలు ముగించాలి. నీళ్ల పొయ్యికి చేతినిండా పని ఉండేది ఈ నెలలోనే.

నా చిన్నతనంలో మాది ఒంటిగది మిద్దె. కాగు వాకిట్లో ఉండేది. ఒక ముసురు రాత్రి అమ్మ పొయ్యి లోపల పెట్టింది. జల్లు కొడుతోందని తలుపు వేసి, గవాక్షి మూసి, నిప్పులు ఆర్పకుండానే పడుకున్నాం. నడిరేయి తమ్ముడు వాంతి చేసుకున్నాడు. లేవబోయిన అమ్మ తూలి పడింది. నాన్న తలుపు తీసి అందరినీ బయటికి లాగాడు గనుక బతికాం.

పొగ లేదు గదా అని ధైర్యపడ్డాం. నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువు చేరవలసిన చోట అది చేరుతుంది. తలనొప్పి, వికారం, మగత దాని గుర్తులు. అవి కనిపిస్తే ముందు అందరినీ బయటి గాలికి చేర్చి, తర్వాత 108కి ఫోను చేయండి.

నీళ్ల పొయ్యి వాకిట్లోనో పెరట్లోనో ఉండడమే మేలు. లోపల తప్పనిసరైతే తలుపు, గవాక్షి తెరిచి ఉంచి, పడుకునే ముందు నిప్పులపై నీళ్లు చల్లి పూర్తిగా ఆర్పండి. ధర్మవరంలో మగ్గమూ సంసారమూ ఒకే కప్పు కింద సాగే ఇళ్లున్నాయి. అక్కడ నూలు, బట్టలు, కట్టెల మోపు పొయ్యికి కనీసం మూడడుగుల దూరంలో ఉండాలి. తడి కట్టె అంటుకోలేదని కిరోసిను, పెట్రోలు పోయవద్దు.

రాగి బాయిలరు వాడేవారు నీళ్లు నింపాకే నిప్పు వేయాలి. ఖాళీగా కాలితే అతుకులు విడిపోతాయి. ఆవిరి పోయే దారిని మూయకూడదు. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు పెరుగుతుంది. దారి దొరకకపోతే పాత్రను చీల్చుకుని వస్తుంది. మన ఉప్పునీళ్లకు లోపల సున్నపు పొర కడుతుంది. ఆ పొర మందమైతే నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కట్టెలు ఎక్కువ పడతాయి. అప్పుడప్పుడు చింతపండు పులుసుతో కడగండి.

స్నానానికి నీళ్లు తెర్లనక్కరలేదు. 60 డిగ్రీల నీళ్లు పెద్దల చర్మాన్నే అయిదారు సెకన్లలో లోతుగా కాల్చగలవు. పసివారికి అంతసేపు కూడా పట్టదు. బకెట్లో ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేణ్ణీళ్లు కలిపి, మోచేతితో చూడండి. ఒళ్లు కాలితే సిరా, పేస్టు పూయకుండా 20 నిమిషాలు చల్లని నీటి ధార కింద ఉంచి, ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఆ రాత్రి తర్వాత మా అమ్మ నిప్పులు ఆర్పనిదే ఏనాడూ పడుకోలేదు. మీరూ ఈ రాత్రి ఒకసారి పొయ్యి చూసి పడుకోండి.