ఎన్నిసార్లు నొక్కినా అమ్మ వంటింట్లోనే

"సైన్సు పాఠంలో జెండర్ ఏమిటి మేడమ్!" అన్నాడు ఆ కుర్రాడు. నవ్వుతూనే అన్నాడు. గచ్చిబౌలిలో ఒక అద్దాల భవనం, బడులకు మల్టీమీడియా పాఠాలు తయారుచేసే ఆఫీసు. అక్కడ కొన్ని నెలలు నేను స్క్రిప్టులు రాశాను. ఐదో తరగతి ఆహారం పాఠంలో నాన్న పప్పుకి తాలింపు పెడతాడని, అమ్మ పేపరు చదువుతూ ఉంటుందని రాశాను. బొమ్మలై తిరిగొచ్చేసరికి అమ్మ కొంగు దోపుకుని పొయ్యి దగ్గర నిలబడింది, పేపరు నాన్న చేతిలోకి వెళ్లింది. ఇదేమిటంటే, కదిలే బొమ్మలు ముందే తయారై ఉన్నాయనీ, వంట చేసే మగవాణ్ణి కొత్తగా గీయాలంటే ఖర్చనీ జవాబు. మూసపాత్ర అంటే సాహిత్య విమర్శలో మనం వాడే మాట అనుకునేదాన్ని. అక్కడ అది కంప్యూటర్లో ఒక ఫోల్డరు! సైంటిస్టు కోటు కూడా అందులో మగ బొమ్మకే ఉంది.

2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాత పాఠ్యపుస్తకాల్లో జెండర్ గురించి ఎంతో చర్చ జరిగింది. మన దగ్గర 2011 రాష్ట్ర ప్రణాళికతో పుస్తకాలు కొంత మారాయి. ఆ చర్చ తెర దాకా ఎందుకు రాలేదు? పుస్తకమైతే టీచరు ఆగి, "మరి మీ ఇంట్లో ఎవరు వండుతారు?" అని అడగగలదు. ఇంటరాక్టివ్ అని పేరు పెట్టుకున్న పాఠం నాలుగు జవాబులిచ్చి ఒకదానికే చప్పట్లు కొడుతుంది. శేరిలింగంపల్లిలో ఈ భవనాలకు ఇటుకలు మోసిన పాలమూరు ఆడకూలీ కూతురు, అమ్మ చేసే పని ఏమిటంటే దేన్ని నొక్కాలి?

నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. పునరుత్పత్తి పాఠాన్ని "ఇంట్లో చదువుకోండి" అని దాటేసిన మాస్టార్ల దగ్గర చదువుకున్నదాన్ని. తెర సిగ్గుపడదు కదా, ఆ పాఠాన్ని అదైనా దాటేయదని ఆశపడ్డాను. మా జాబితాలో అది ప్రతిసారీ వచ్చే నెలకే వాయిదా పడింది.

2020 సెప్టెంబర్ 1న తెలంగాణలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారా డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. బడులు మూతపడ్డప్పుడు అవి అవసరమే. అయితే అదే ఏడాది విద్యా వాలంటీర్లను తిరిగి తీసుకోలేదు. చాలీచాలని గౌరవవేతనంతో పల్లె బడుల్ని నెట్టుకొచ్చిన వాళ్లలో ఎంతోమంది ఆడవాళ్లు. తెర వచ్చింది, టీచరమ్మ ఇంటికెళ్లింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అన్నయ్య చేతిలో ఉంటే చెల్లెలి పాఠం సంగతి ఎవరడిగారు?

పాఠ్యపుస్తకంలో రాసినవాళ్ల పేర్లు ఉంటాయి, తప్పుంటే నిలదీయవచ్చు. ఈ పాఠాల స్క్రిప్టు ఎవరు రాశారో, ఎవరు సరిచూశారో కూడా పేర్లతో సహా తెర మీద వేయాలి. ప్రజల డబ్బుతో కొనే ప్రతి పాఠాన్నీ ముందుగా బడిలో పనిచేసే టీచర్లకు చూపించాలి. అమ్మ చేతిలోని గరిటె తీసి నాన్నకు ఇవ్వాలని ఒక టీచరమ్మ అనుకుంటే, ఆ ఫైలు తెరిచి మార్చుకునే వీలు ఆమెకు ఉండాలి.