పిల్లలకో రంగుల మూల

“ఓలమ్మా, గోడంతా పాడు సేసేసినాడీ గుంటడు!” పలాస, టెక్కలి వైపు ఈ కేక వినపడని ఇల్లుంటుందా? బొగ్గుముక్క దొరికితే చాలు, పిల్లలకి గోడే కాగితం. తిడితే రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు తలుపు వెనకాల గీస్తారు. అంతకంటే గీసుకోవడానికి ఒక చోటు చూపించేస్తే మనకీ హాయి, వాళ్ళకీ హాయి.

దానికి గది అక్కర్లేదు. వీధి అరుగు మీదో, పెరటి వరండాలోనో చాప పరిచినంత చోటు చాలు. కాకపోతే ఆ చోటు రోజూ మారకూడదు. చుట్టాలొచ్చారని ఒకరోజు, వడియాలు ఆరబెట్టాలని ఇంకోరోజు తీసేస్తే పిల్లలు మళ్ళీ గోడ దగ్గరికే వెళతారు.

ఆ మూలనున్న గోడ మీద మూడడుగుల మేర ఎర్రమట్టి అలికి వదిలేయండి. మన కొండల్లోనూ, పక్కనే ఒడిశాలోనూ ఉండే సవరలు ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి నీళ్ళతో మనుషుల్నీ, చెట్లనీ, సూర్యచంద్రుల్నీ వేస్తారు. వాళ్ళకది పూజతో కూడిన పని. మన పిల్లలకి ఆటే అనుకోండి. నానబెట్టి రుబ్బిన బియ్యం, చివర నలగ్గొట్టిన వెదురు పుల్ల ఉంటే సరిపోతుంది. బొమ్మలు నిండిపోతే మళ్ళీ అలికేయడమే.

టెక్కలి వాళ్ళకి ఇంకో సదుపాయం. గ్రానైటు కోసే చోట విరిగిన పలకలుంటాయి, ఒకటి అడిగి చూడండి. అంచులు మాత్రం అరగదీయించాలి. దాని మీద సుద్దతో గీసి తడిగుడ్డతో తుడిచేయొచ్చు, బంకమట్టి బొమ్మలకి పీటగానూ పనికొస్తుంది.

ఇక రంగులు. పసుపు ఇంట్లోనే ఉంది. అందులో చిటికెడు సున్నం కలిపితే పారాణి ఎరుపు. ఇది మాత్రం మీరే కలిపి ఇవ్వండి, సున్నం కంట్లో పడితే ప్రమాదం. బచ్చలి పళ్ళు ఊదా రంగునిస్తాయి. నీలి శంఖుపూలు వేణ్ణీళ్ళలో వేస్తే నీలం. అందులో నిమ్మరసం పిండితే గులాబీ రంగుకి తిరుగుతుంది. అది చూసి పిల్లలు గంతులేయకపోతే నన్నడగండి! ఉద్దానంలో పనసకి కొదవా? పనస చేవ చెక్కముక్కలు మరిగిస్తే మంచి పసుపు రంగు దిగుతుంది. బర్మా, సింహళ దేశాల్లో బౌద్ధ భిక్షువుల బట్టలకి వేసిన అద్దకం అదే. రంగు కాగితానికి అంటుకోవాలంటే నానిన తుమ్మబంక కలపండి. గంజైనా ఫర్వాలేదు గానీ మన సముద్రపు గాలికి మర్నాటికే పులుస్తుంది. గిన్నెలకి కొబ్బరి చిప్పలు, కుంచెకి పుల్లకి కట్టిన కొబ్బరి పీచు. కొనాల్సినవల్లా ఒక డజను సుద్దముక్కలు, రెండు సన్న కుంచెలు. కాగితాలకి పాత క్యాలెండర్ల వెనక వైపు ఉండనే ఉంది.

ఒక్కటి మాత్రం ఆ చాప మీదకి రానీయకండి: జీడిపిక్కల పెంకు. పలాసలో ఎక్కడ పడితే అక్కడ దొరుకుతుంది, చూడ్డానికి బొమ్మలకి అతికించేలా ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ పెంకులోని జిడ్డు రసం తగిలితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. పిక్కలు కొట్టే అమ్మలు చేతులకి నూనో, బూడిదో రాసుకునేది అందుకేగా! పిల్లల లేత చర్మం సంగతి చెప్పాలా? పొరపాటున తగిలితే వెంటనే సబ్బుతో కడగండి, బొబ్బలొస్తే డాక్టరుకి చూపించండి. కార్ఖానా నుంచి వచ్చిన తల్లులు కూడా చేతులు కడుక్కునే పిల్లల కాగితాలు ముట్టుకోవాలి.

ఏం గీయమంటారని అడిగితే, చలికాలంలో ఒక ఆదివారం తేలినీలాపురం తీసుకెళ్ళండి. చెట్ల మీద గూళ్ళు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చూసొచ్చాక మళ్ళీ అడగరు. ఒక్కోసారి వాళ్ళు గీసేవి మనకి నచ్చవు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు ఐదేళ్ళున్న పిల్లలు ఇప్పటికి పెద్దవాళ్ళయిపోయారు. అలాంటిది చూసిన పిల్ల పడిపోయిన చెట్టే గీస్తానంటే గీయనివ్వండి. “అపశకునం, నిలబడ్డ చెట్టు వెయ్యి” అనకండి. పక్కన కూర్చుని “ఇది ఎవరి తోట?” అనడిగితే చాలు, తనే చెబుతుంది.

గీసినవన్నీ దాచక్కర్లేదు, నెలకి రెండు మూడు చాలు. వెనకాల పేరు, తేదీ రాసి, పాలిథిన్ కవర్లో చుట్టి, భూమి దస్తావేజులుండే ట్రంకుపెట్టెలోనే పెట్టండి. తుపాను కబురొస్తే మనం ముందు తీసేది ఆ పెట్టేగా!