రక్తం చెడిపోద్దా?

“కులం తప్పి చేసుకుంటే రక్తం చెడిపోద్ది మాస్టారూ!”

ఈ మాట పెద్దవీధి అరుగు మీద విని ఉంటే రాసేవాణ్ణి కాదు. వాళ్ళకది అలవాటే. మొన్న మన పేటలోనే విన్నాను. మాలింటి కుర్రాడూ మాదిగింటి పిల్లా పెళ్ళి చేసుకుంటామంటే రెండు పేటల పెద్దలూ ఒక్క నోటితో అన్న మాట ఇది. ఎన్నడూ కలవనోళ్ళు దీనికి మాత్రం కలిశారు! ఇరవయ్యేళ్ళుగా బళ్ళో జీవశాస్త్రం చెప్తున్నోణ్ణి. రక్తం ఎలా చెడుద్దో నేను చెప్తాను, వినండి.

ఒంటికి కావలసిన ప్రోటీన్లు ఎలా తయారవ్వాలో రాసి ఉన్న కాగితం జన్యువు. తల్లి నుంచి ఒక నకలు, తండ్రి నుంచి ఒక నకలు వస్తాయి. కణం రెండయ్యే ముందు ఆ రాతనంతా తిరగరాసుకోవాలి. అడంగల్ రాసే కరణం ఒక్క అంకె మారిస్తే మన చెక్క పక్కోడిదైపోయేది గుర్తుందా? కరణం కావాలని మార్చేవాడు, కణం పొరపాటున మారుస్తుంది. అంతే తేడా. దీన్నే ఉత్పరివర్తనం అంటారు. ఎక్స్‌రేలు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, పొగాకు పొగ ఈ తప్పుల్ని పెంచుతాయి. చాలా తప్పులు ఏ హానీ చెయ్యవు, కొన్ని చేస్తాయి. అండంలోనో వీర్యకణంలోనో ఉన్న తప్పు బిడ్డకి పోద్ది. ఏ తప్పూ కులం అడిగి రాదు.

తప్పుని పుట్టించేది కులం కాదు. పోగేసేది కులం.

తెలుగు వైశ్యుల్ని చూడండి. ఆపరేషనప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడతారు. రక్తంలో ఉండే ఒక ఎంజైము దాన్ని నిమిషాల్లో విరిచేస్తుంది. వైశ్యుల్లో కొందరికి ఆ ఎంజైము పనిచెయ్యదు. మందు గంటలకొద్దీ దిగదు, అంతసేపూ యంత్రంతో ఊపిరి ఇవ్వకపోతే ప్రాణం పోద్ది. ఆ ప్రోటీన్‌లో 307వ చోట ల్యూసిన్‌కి బదులు ప్రోలిన్ పడిందని 2006లో శాస్త్రవేత్తలు రాశారు. జన్యువులో ఒక్క అక్షరం తేడా! ఇందులో వాళ్ళ నేరం ఏమీ లేదు. ఏనాటి పూర్వీకుడి తప్పో గోడ లోపలే తిరిగి తిరిగి, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే బిడ్డకి చేరుతోంది. ఒక నకలు బాగుంటే అది కాపాడుద్ది. రెండూ చెడితే దిక్కేది?

పోనీ, స్వచ్ఛమైన రక్తం ఎవరిది? హైదరాబాదు సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 73 సముదాయాల్ని పరిశీలించి 2013లో తేల్చారు: 4,200 ఏళ్ళ నుంచి 1,900 ఏళ్ళ కిందటి దాకా ఈ దేశపు జనం విరివిగా కలిశారు. గోడలు ఆ తర్వాతే లేచాయి. కులానికి ప్రాణం లోపలి పెళ్ళిళ్ళేనని బాబాసాహెబ్ 1916లోనే చెప్పాడు.

మరి మనం? మాలలు మాలల్లోనే, మాదిగలు మాదిగల్లోనే. ఆపైన మేనరికం. మా అక్కని మేనమామకే ఇచ్చారు. ఇద్దరు పిల్లలకీ పుట్టుచెవుడు. జన్యులోపమని డాక్టరు చెప్పినా, ఎవరి పాపమోనని అక్క చర్చిలో ఏడ్చేది. పాపం కాదక్కా, పొరపాటు రాత. దాన్ని రెండువైపుల నుంచీ తెచ్చి ఒక్కచోట చేర్చింది మన ఆచారం.

రోగానికి భయపడి కులాంతరం చేసుకోమనట్లేదు. మనిషిని మనిషిగా చూసి చేసుకోవాలి. కానీ అడ్డుకోడానికి రక్తాన్ని సాక్ష్యం పిలిస్తే, ఆ సాక్ష్యం మీకే ఎదురుతిరుగుద్ది.

ఆ పిల్లల పెళ్ళికి సాక్షి సంతకం నేను పెడుతున్నాను. పక్కన మీ సంతకం ఉంటుందా?