కాల్ సైన్‌లో ‘వీ’ ఎవరిది?

విమానాలపై ఉండే ‘వీటీ’ అంటే ‘వైస్రాయ్ టెరిటరీ’ అని, అది బానిసత్వపు గుర్తు కనుక మార్చాలని కొందరు వాదిస్తుంటారు. రేడియో కేంద్రాలకు వాడే ‘వీయూ’ కూడా ఆ కోవలోదే. చరిత్ర చూస్తే మాత్రం వైస్రాయ్ కథ నిలబడదు.

కేంద్రాన్ని గుర్తించే అక్షరాలనే కాల్ సైన్ అంటారు. తొలినాళ్లలో వైర్‌లెస్ కంపెనీలు వీటిని సొంతంగా పెట్టుకునేవి. టైటానిక్ ఓడ కాల్ సైన్ ‘ఎంజీవై’లో ‘ఎం’ మార్కోనీ కంపెనీది. గందరగోళం పెరగడంతో 1912 లండన్ సదస్సు దేశాలవారీగా అక్షరాలు పంచింది. 1927 వాషింగ్టన్ సదస్సు పట్టికలో భారత్‌కు వీటీ నుంచి వీడబ్ల్యూ వరకు దక్కాయి. కెనడా, ఆస్ట్రేలియాలకూ ‘వీ’ వరుసలే వచ్చాయి. బ్రిటిష్ సామ్రాజ్యపు ముద్ర అందులో ఉన్న మాట నిజమే కానీ, ‘వీ’ అంటే వైస్రాయ్ కాదు. ఆ వరుసలోంచే ఆలిండియా రేడియో ఢిల్లీ కేంద్రానికి వీయూడీ, మద్రాసుకు వీయూఎం వచ్చాయి. చివరి అక్షరం ఊరిని చెబుతుంది.

అక్షరాల పుట్టుక కన్నా వాటి పని ముఖ్యం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. ‘వీయూ4ఆర్‌బీఐ’ కాల్ సైన్‌తో భారతీ ప్రసాద్ అక్కడి కబురు బయటికి చేరవేశారు. ‘వీయూ4’ వినగానే అది అండమాన్ నుంచి వస్తున్న గొంతని ప్రపంచంలోని హామ్‌లు పోల్చుకోగలరు.

ఇలాంటి అవసరం దీవులకే పరిమితం కాదు. తాపీ ఉత్తర తీరంలో అమ్రోలి ఉన్న సూరత్ నగరాన్నే చూడండి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి భారీగా నీరు వదలగా నగరంలో అధిక భాగం మునిగింది. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఆ నగరంలో ఎన్నో ఉన్నాయి. వరదలో కరెంటు పోయి టవర్లు మూగబోతే సెల్‌ఫోన్ పనిచేయదు. బ్యాటరీతో నడిచే చిన్న రేడియో సెట్టు పనిచేస్తుంది.

టెలికాం శాఖ పరీక్ష రాసి హామ్ లైసెన్సు పొందడానికి 12 ఏళ్లు నిండితే చాలు. ప్రాథమిక ఎలక్ట్రానిక్స్, రేడియో నిబంధనలు నేర్చుకోవాలి. నదీతీర నగరాల్లో ప్రతి హైస్కూలులో ఒక హామ్ క్లబ్బు ఉండటం అసాధ్యమేమీ కాదు. ‘వీ’ని మార్చాలన్న చర్చకు వెచ్చించే శ్రద్ధలో కొంత అటు పెడితే, వరద వచ్చిన రాత్రి ‘వీయూ’తో పలికే గొంతు ప్రతి పేటలోనూ ఉంటుంది.