రెండు రోగములు, ఒక్క రోగి

మన వైద్యశాలలలో రెండు వాకిళ్లు కలవు. ఒక వాకిట క్షయరోగులు నిలుచుందురు; మఱియొక వాకిట మధుమేహ రోగులు నిలుచుందురు. మొదటి వైద్యుడు ‘పుష్టిగా భుజింపు’ మనును. రెండవ వైద్యుడు ‘మితముగా భుజింపు’ మనును. ఈ రెండు వాకిళ్లకును ఒక్క మనుష్యుడే పోవలసి వచ్చినచో వాని గతి యేమి? నేడిది లక్షలాది కుటుంబముల ప్రశ్న యైనది.

ప్రపంచమందలి క్షయరోగులలో ఇంచుమించు నాల్గవ పాలు మన దేశముననే యున్నారు. భారత వైద్య పరిశోధన మండలి 2023లో వెలువడిన యంచనా ననుసరించి మధుమేహము గలవారు పది కోట్లకు మించి యున్నారు. వీరికి క్షయ సోకు ప్రమాదము ఇతరులకంటె రెండు మూడు రెట్లు హెచ్చు. రక్తమున చక్కెర పెరిగినపుడు క్రిములను మ్రింగి చంపవలసిన తెల్లకణములు మందగించును. రోగి దగ్గుచు కృశించుచున్నను ‘చక్కెర వలననే చిక్కితి’ నని యుపేక్షించును. ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టజాలడను సామెత యిచ్చట సార్థకము.

మందులకు లొంగని క్షయ యింతకంటె భయంకరము. 1948లో బ్రిటిషు వైద్య పరిశోధన మండలి ప్రకటించిన స్ట్రెప్టోమైసిను పరీక్షాఫలితములు లోకమున కొక గుణపాఠమును నేర్పినవి. తొలుత కోలుకొన్న రోగులలో పలువురి క్రిములు పిమ్మట ఆ మందునకు లొంగకపోయినవి. కోట్లకొలది క్రిములలో ఏదో యొక మందునకు లొంగనివి కొన్ని సహజముగనే యుండును. ఒంటి మందు తక్కినవానిని చంపి వీనికి రాజ్యమిచ్చును. అందుచేతనే సాధారణ క్షయకు నేడు నాలుగు మందులతో చికిత్స మొదలిడి, ఆరు మాసములు విడువక నడుపుచున్నారు.

ఈ కోటగోడను మధుమేహము లోపలినుండి త్రవ్వుచున్నది. చక్కెర అదుపు తప్పిన రోగి కఫమునుండి క్రిములు తొలగుటకు కాలము హెచ్చుగ పట్టును. కొందఱి రక్తమున మందు చాలినంతగ నిలువదు. చికిత్స విఫలమగుటయు, రోగము తిరుగబెట్టుటయు, మరణమును వీరిలో అధికము. పెక్కు దేశముల పరిశోధనలను కలిపి చూడగా, పలు మందులకు లొంగని క్షయ వీరిలో ఇంచుమించు రెండింతలు కానవచ్చినది.

మందులకు మందులే అడ్డుపడుటయు కలదు. రిఫాంపిసిను కాలేయమును ప్రేరేపించి, పెక్కు చక్కెరబిళ్లల బలమును త్వరగా హరించును. ఐసోనియాజిడు వలన కాళ్లు తిమ్మిరెక్కుట కలదు. మధుమేహమువలనను అదియే కలదు. కావున బి6 విటమినును జతపఱుపవలయును. భోజన విషయమున వైద్యులిరువురి మాటలును పొందుపడగలవు. పప్పు, గ్రుడ్లు, చేపలు, ఆకుకూరలు హెచ్చించి, పంచదారను మాని, తెల్లన్నమును తగ్గించిన రెండును నెరవేరును. కాని యీ మాట చెప్పువా డొక్కడుండవలయును.

ఉభయ రోగములకును పరస్పర పరీక్షలు జరుగవలయునని కేంద్ర ప్రభుత్వము 2017లోనే విధానమును ప్రకటించినది. 2025 నాటికి క్షయను రూపుమాపుదుమని 2018లో ప్రతిజ్ఞయు చేసినది. ఆ ప్రతిజ్ఞ నెరవేరలేదు. క్షయ చికిత్స ఇంటియొద్ద జరిగినను ఆరోగ్యాశ్రమ చికిత్సకు తీసిపోదని 1959లో మదరాసు పరిశోధకులే లోకమునకు నిరూపించిరి. చికిత్సను రోగి యింటికే కొనిపోగలిగిన దేశమునకు రెండు వాకిళ్లను ఒకటి చేయుట అసాధ్యమా?

మేము కోరున దింతియే. ప్రతి క్షయరోగి చక్కెరను చికిత్సారంభముననే పరీక్షించి, ఆ లెక్కను క్షయ చీటిమీదనే వ్రాసి, చికిత్స ముగియువఱకు గమనింపవలయును. రెండు రోగముల మందులును ఒక్క చోటనే యీయవలయును. మధుమేహి వచ్చినప్పుడెల్ల దగ్గు, జ్వరము, రాత్రి చెమటలు, బరువు తగ్గుటలను గూర్చి తప్పక ప్రశ్నింపవలయును. పాఠకులును తమ యింట చక్కెర వ్యాధిగ్రస్తుడు రెండు వారములు దగ్గినచో కఫపరీక్షకు జాగు సేయరాదు. రోగములు రెండైనను రోగి ప్రాణ మొక్కటియే యని అధికారులు గుర్తెఱుగుదురు గాక.