64 గళ్ళు, ఒక పద్యం

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక నూజివీడు చిన్నరసం పెట్టండి. రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టిస్తూ పోతే 21వ గడిలోనే పది లక్షలు దాటుతాయి. మొత్తం 64 గళ్ళకీ 18446744073709551615 కాయలు కావాలి. మన తోటలన్నీ విరగకాసినా చాలవు!

సీఎస్ఈ వాళ్ళకి ఇది పాత చుట్టమే. 64 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య; ఇంకొకటి కలిపితే సున్నా. చివర 5 ఉంది కాబట్టి 5, అంకెల మొత్తం 87 కాబట్టి 3 దీన్ని భాగిస్తాయి. ఆయిలర్ 1732లో ప్రసిద్ధం చేసిన 641 కూడా దీని కారణాంకమే.

ఈ సంఖ్యనే పావులూరి మల్లనదిగా చెప్పే పద్యం ఒకటి మాటల్లో పొదిగింది. శరం అంటే 5, శశి అంటే 1, గగనం అంటే 0. ఒకట్ల స్థానం నుంచి చదువుకోవాలి.

"కంప్యూటరూ మనవాళ్ళదే" అని ఫార్వర్డ్ చేసెయ్యకండి. ఆయన లెక్కని తెలుగులో చెప్పాడు, అంతే. మనమో, ఓవర్‌ఫ్లో అంటే ఏంట్రా అని అమ్మ అడిగితే నీళ్ళు నములుతాం. ఈ సెలవుల్లో ఒక్క పాఠం ఇంట్లో తెలుగులో చెప్పి చూడండి. చెప్పలేకపోతే, అది మనకింకా అర్థం కానట్టే.