ముందు నీళ్ల సంగతి, తర్వాతే ఫిల్టర్ సంగతి

ఇంట్లో వాటర్ ఫిల్టర్ ఉండాలా వద్దా అని అడిగితే, ఉండాలనే అంటాను. కానీ ఏ ఫిల్టర్ కొనాలన్నది టీవీ ప్రకటన చూసో, పక్కింటివాళ్లను చూసో కాదు, మన ఇంటికొచ్చే నీళ్లను బట్టి తేల్చుకోవాలి.

ముందు లాభాలు చెప్తాను. మాది నల్లగొండ జిల్లా. ఇంట్లో ఫిల్టర్ లేని రోజుల్లో అమ్మ రోజూ వాటర్ ప్లాంట్ నుంచి 20 లీటర్ల డబ్బా మోసుకొచ్చేది. లెక్కేస్తే నెలకు 600 కిలోల బరువు! ఆ మోత తప్పడమే నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద లాభం. ఇది ఏ ప్రకటనలోనూ కనిపించదు. ఇక పప్పు త్వరగా ఉడుకుతోంది, టీ గిన్నెకు తెల్లటి పొర పట్టడం లేదు. బోరు నీళ్లలో ఉండే కాల్షియం తగ్గితే జరిగేది ఇదే.

అసలు విషయం ఫ్లోరైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. ఏళ్ల తరబడి ఎక్కువ మోతాదులో ఒంట్లోకి పోతే పళ్లకు గార పడుతుంది, ఎముకలు బిగుసుకుపోతాయి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 వరకు ఫర్వాలేదు. నీళ్లు కాచితే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. మామూలు క్యాండిల్ ఫిల్టరూ దాన్ని ఆపలేదు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. దాని పేరే నల్లగొండ టెక్నిక్. మా జిల్లా పేరు పుస్తకాలకెక్కింది ఇలా! ఇలాంటి బోరు నీళ్లు తాగే ఇళ్లకు ఆర్‌వో విలాసం కాదు, అవసరం.

అయితే మిషన్ భగీరథ నల్లాలో నది నీళ్లు వచ్చే ఇంటికీ అదే ఆర్‌వో ఎందుకు? ఆ నీళ్లలో లవణాలు తక్కువ. క్రిముల భయం ఉంటే యూవీ ఫిల్టర్ చాలు. మామూలు ఇంటి ఆర్‌వో ఒక లీటరు మంచినీళ్లు ఇవ్వడానికి రెండు మూడు లీటర్లు బయటికి వదిలేస్తుంది. అందుకే టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉన్నచోట ఆర్‌వోలు వద్దని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లోనే చెప్పింది. ఆర్‌వో తప్పనిసరైన ఇళ్లలో ఆ వదిలేసే నీళ్లను బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి వాడుకోవచ్చు.

అమ్మడానికొచ్చేవాళ్లు టీడీఎస్ మీటర్ ముంచి, అంకె చూపించి భయపెడతారు. ఆ మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో, అంతే. అది ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు, క్రిములున్నాయో లేదో చెప్పదు. ఇంజనీరింగ్ చదివే మనం కూడా ఆ అంకెకు భయపడితే ఎలా?

ఇంకో మాట. ఫిల్టర్ పెట్టగానే పని అయిపోదు. ఆర్‌వో నీళ్లలో క్లోరిన్ మిగలదు కాబట్టి, పట్టి ఉంచిన బిందె శుభ్రంగా లేకపోతే క్రిములు మళ్లీ చేరతాయి. చేతులు ముంచకుండా కుళాయి ఉన్న పాత్ర వాడాలి. కార్ట్రిడ్జ్ మార్చాల్సిన తేదీ గోడమీది క్యాలెండర్‌లో రాసుకోవాలి.

చివరగా ఒక ప్రతిపాదన. మన సివిల్ బ్రాంచిలో ఎన్విరాన్‌మెంటల్ ల్యాబ్ ఉంది. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చేటప్పుడు సకినాలు, అరిసెలతో పాటు శుభ్రమైన ప్లాస్టిక్ సీసాలో ఒక లీటరు ఇంటి నీళ్లు కూడా తెద్దాం. సీసా మీద ఊరి పేరు, బోరా నల్లానా అన్నది రాద్దాం. సార్లను అడిగి ఫ్లోరైడ్, కాఠిన్యం, టీడీఎస్ మనమే పరీక్షిద్దాం. క్రిముల పరీక్షకు మాత్రం ఈ నీళ్లు పనికిరావు. అందుకు స్టెరిలైజ్ చేసిన సీసాలో పట్టి వెంటనే ల్యాబ్‌కు చేర్చాలి. ఫలితాలు ఇంటికి ఫోన్ చేసి అమ్మానాన్నలకు చెప్దాం. ఏ ఫిల్టర్ కొనాలో, అసలు కొనాలో వద్దో అప్పుడు వాళ్లే తేల్చుకుంటారు.